మేస్త్రి వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "ఎర్రిటుకకి పేరెట్టలేం సార్. కానీ పడమటి గోడకి బ్లాకు కట్టేద్దాం. ఒకే గోడలో రెండూ కలిపితే మాత్రం పగుల్తాది."

అవతారిక: విజయవాడ, మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు. పునాది మీద నిలబడి మేస్త్రి గృహస్థుడికి ఉపదేశించినది. గృహస్థుడు ఈ వ్యాఖ్యాతే.

టీక: సార్ = ఓ గృహస్థా (చెక్కు రాయువాడా అని ధ్వని). ఎర్రిటుక = ఎర్ర + ఇటుక, అకారసంధి. ఎర్రి + ఇటుక అని విడదీసేవారూ ఉన్నారు. అప్పుడు విశేషణం కొన్నవాడికి అన్వయిస్తుంది. పేరెట్టలేం = వంక పెట్టలేం. అయితే రెండిటుకలు కొడితే ఖంగుమనాలి, గోటితో గీస్తే గీత పడరాదు, రోజంతా నానినా బరువులో ఐదో వంతుకు మించి నీళ్లు తాగరాదు అని అధ్యాహారం.

బ్లాకు = ఏఏసీ, అంటే గాలి బుడగల కాంక్రీటు దిమ్మ. 1920లలో స్వీడన్ చలిలో పుట్టింది. మన దగ్గర థర్మల్ కేంద్రాల బూడిదలో సున్నం, సిమెంటు కలిపి చిటికెడు అల్యూమినియం పొడి వేస్తారు. హైడ్రోజన్ బుడగలెత్తి ముద్ద పొంగుతుంది, పిమ్మట ఆవిరిలో ఉడికిస్తారు. ఇడ్లీతో పోలిస్తే అది ఉపమ కాదు, స్వభావోక్తి.

పడమటి గోడకి = ప్రాణమంతా ఈ పదంలోనే ఉంది. సాయంత్రపు ఎండ వాలి గోడకు సూటిగా తగులుతుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ దాన్ని తాగి తాగి, రాత్రి పదింటికి పడగ్గదిలో కక్కుతుంది. ఇప్పుడు అద్దెకుంటున్న ఇంట్లో అలాంటి గోడకు అరచెయ్యి ఆనించాను. అప్పుడే దించిన పాలగిన్నె గుర్తొచ్చింది. బ్లాకులో సగానికి పైగా గాలే. అంతే మందం ఇటుక గుండా పోయే వేడిలో సుమారు నాలుగో వంతే దానిలోంచి పోతుంది.

పూర్వపక్షం: అయితే ఇల్లంతా బ్లాకే కట్టరాదా? కట్టవచ్చు, పిల్లర్లుంటే. గోడలే శ్లాబు మోసే ఇంటికి గట్టి ఇటుకే శరణ్యం. గీజరు వేలాడదీయడానికి బ్లాకులో మామూలు మేకు నిలవదు.

కలిపితే పగుల్తాది = ఎండినప్పుడు రెండూ ఒకే లెక్కన కుంచించుకోవు; అతుకు వెంట వెంట్రుకంత చీలిక. తప్పనిసరై కలిపితే, పిల్లరు అంచునైనా సరే, ప్లాస్టరింగుకు ముందు చికెన్ మెష్ కొట్టాలి. అందులో చికెన్ ఉండదు గనుక శాకాహారులకు దోషం లేదు.

పాఠాంతరం: మా బావమరిది ప్రతిలో "పగుల్తాది"కి బదులు "ఏం కాదులే బావా" అని ఉంది. అది ప్రక్షిప్తం.

తాత్పర్యం: ఎస్టిమేటు మారింది.