ఒక తడబాటునకు టీకాతాత్పర్యము

మూలము: “ఏటి సార్?... అదే... కిలోకి 240 సార్... కాదు సార్, పౌండుకి. సారీ సార్, సారీ.”

అవతారిక: అక్కుపల్లి కడలియొడ్డున జీడిమామిడి తోటల నడుమ పెరిగి, పలాసలో మేనమామ జీడిపప్పు కొట్టున సెలవులు గడపిన యొక విద్యార్థి, మేనేజిమెంటు కోర్సున ప్రవేశమునకై విశాఖపట్టణమున ఇంటర్వ్యూకేగి, ఇంగ్లీషు ప్రశ్నల నడుమ తెలుగాయన యొకరు దయదలచి “240 రకమనగా నేమోయి?” అని యడుగగా పలికిన ప్రత్యుత్తరమిది.

ప్రతిపదార్థము: ఏటి = ఏమిటి; సార్ = ఓ పరీక్షకోత్తమా; అదే = ఇంకను గుర్తునకు రానిది; కిలోకి = పౌండునకు; పౌండుకి = పౌండునకే; సారీ = క్షమింపుడు; సారీ = మొదటి సారీని క్షమింపుడు.

వ్యాఖ్య: ‘ఏటి’ తప్పు కాదు. ‘ఏమిటండీ’ యను పాఠాంతరము కోచింగు సెంటరువారి ప్రక్షిప్తమని మా నిశ్చయము. (వ్యావహారికమునకై పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టిన జిల్లా పలుకును గూర్చి గ్రాంథికమున టీక వ్రాయుచున్న మేమే ముందుగా సారీ చెప్పవలసినవారము.) ‘అదే’ యనునది పాదపూరణము, శ్లోకమున చ, వై, తు, హి మహాకవులకు చెల్లినపుడు ఇది మన గుంటనికి చెల్లకుండునా?

ఇక ‘కిలోకి’. పౌండునకు, అనగా సుమారు 454 గ్రాములకు, 220 మొదలు 240 వరకు నిండుగింజలు తూగునది 240 రకము. అంకె పెరిగినకొలది గింజ చిన్నదగును. కొట్టున తూకము కిలోలలోను రకము పౌండ్లలోను నుండుటచే నోరు జారుట సులువే గాని, కిలోకు 240 అయినచో గింజ రెట్టింపునకు మించి లావెక్కును. అట్టిదానిని మేనమామ కలలోనైన చూచియుండడు. అర్థము మారినది గనుక దిద్దుట ధర్మము. దిద్దినది రెండుమూడు మాటలలోనే గనుక అది ఈ మూలమున ఆణిముత్యము. జీడిపప్పు పొట్టు తీయు ఆడువారు గింజ విరిగినచో దానిని ముక్కలలో వేసి మరియొకదానిని అందుకొందురు గాని, విరిగినదానిని అరచేత బట్టుకొని విలపింపరు.

ఆ విలాపమే రెండవ ‘సారీ’. వ్యాకరణరీత్యా ఆమ్రేడితము, లోకరీత్యా అనర్థము. వక్తలు తమ బెరుకు శ్రోతలకు నిజముగా కనబడుదానికంటె మిక్కిలిగా కనబడుచున్నదని భ్రమింతురనియు, ఈ సంగతి ముందుగా చెప్పించుకొన్నవారు మెరుగుగా మాటలాడిరనియు సవిట్‌స్కీ, గిలొవిచ్ అను అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞులు 2003లో ప్రకటించిరి. బల్లక్రింద మనవాని మోకాలు వణకుట వానికొక్కనికే తెలియును. పరీక్షకుడు పౌండు మాట విని తలయూపి, 320 రకము ధర యెంతయని అప్పుడే అడిగియుండెను, ఆ ప్రశ్న రెండవ ‘సారీ’ క్రింద పడి నలిగిపోవుటచే మనవాడు ముందునకు వంగి మరల “ఏటి సార్?” అనవలసివచ్చెను.