పట్టభద్రుడి ప్రయాణ పద్యం: టీకా తాత్పర్యం

అవతారిక: డిగ్రీ చేతికొచ్చిన ఒక తెలుగు యువకుడు థాయ్‌లాండ్ వెళ్లి పిల్లలకు ఇంగ్లిషు చెబుదామని తలపెట్టిన సందర్భం. కవి పేరు తెలియదు. జిరాక్స్ షాపు ముందు నిలబడి ఆశువుగా చెప్పాడంటారు. పద్యంలోని నిట్టూర్పు చూస్తే నమ్మబుద్ధేస్తుంది.

తే.గీ. పట్టభద్రుడు పరదేశ పాఠశాల
నాంగ్లమును నేర్పబోవుచు నాఱు నెలలు
ముద్రలకు దిర్గె; పాఠము ముట్టలేదు;
తల్లి యూరగాయను గట్టె దప్పకుండ.

ప్రతిపదార్థం: పట్టభద్రుడు = "తర్వాతేంటి నాయనా?" అనే ప్రశ్నను రోజూ అన్నంతోపాటు మింగుతున్నవాడు; పరదేశ పాఠశాలన్ = విదేశపు బడిలో; ఆంగ్లమును = ఇంటర్‌లో తనకు మార్కులు తగ్గించిన ఆ భాషనే; నేర్పబోవుచున్ = నేర్పడానికి సిద్ధమవుతూ; ఆఱు నెలలు = చుట్టాలకు "వచ్చే నెలే" అని చెబుతూ వచ్చిన కాలం; ముద్రలకున్ = రబ్బరు స్టాంపుల కొఱకు; తిర్గెన్ = తిరిగెను; పాఠము = బోధించవలసినదానిని; ముట్టలేదు = దాని జోలికి పోలేదు; తల్లి = కన్నతల్లి; ఊరగాయను = ఆవకాయను; తప్పకుండన్ = వద్దు వద్దన్నా; కట్టెన్ = మూటగట్టెను.

తాత్పర్యం: స్పష్టం.

విశేషాలు: "పరదేశ" శబ్దానికి కొరియా అని అర్థం చెప్పిన వ్యాఖ్యాతలున్నారు. అది పొసగదు. కొరియాలో ఇంగ్లిషు పంతుళ్లకిచ్చే ఈ-2 వీసా ప్రధానంగా ఏడు దేశాల పాస్‌పోర్టులకే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. 2010లో అమల్లోకొచ్చిన భారత్-కొరియా ఒప్పందం మనవాళ్లకు తలుపు ఓరగా తీసినా, బోధనార్హత పత్రం చూపమంటుంది. మనవాడికున్నది వట్టి డిగ్రీ. కనుక థాయ్‌లాండే. అక్కడా పరీక్ష తప్పదు. ఇంగ్లిషు మాతృభాష కానివారిని టోయెక్ వంటి పరీక్ష మార్కులు అడుగుతారు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిషు మీడియంలోనే చదివానని మొరపెట్టుకుంటే, చదివిన మీడియం వేరు, పుట్టిన దేశం వేరని జవాబు.

"ముద్రలకు" అన్న బహువచనంలోనే కవి ప్రతిభంతా ఉంది. పట్టా మీద మొదట రాష్ట్రం ముద్ర, తర్వాత విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన ఎంబసీ ముద్ర. ప్రతి ముద్రా తన ముందరి ముద్ర సరైనదని సాక్ష్యం చెబుతుందే గాని, ఈ పిల్లవాడికి ఇంగ్లిషు వచ్చా అని వీటిలో ఏదీ అడగదు. ఇవిగాక పోలీసు క్లియరెన్స్ ఉంది. దానికోసం కానిస్టేబుల్ ఇంటికొస్తే, ఏం జరిగిందోనని వీధి వీధంతా అరుగుల మీదికొచ్చి చూసింది. కవి దీన్ని వర్ణించలేదు. ఔచిత్యం తెలిసినవాడు.

వ్యాకరణం: "తిరిగె" అంటే గణం చెడుతుంది గనుక "తిర్గె" అన్నాడు. లాక్షణికులు ఆక్షేపిస్తే, అన్నిసార్లు తిరిగాక అక్షరమైనా అరగదా అని సమాధానం.

శంక: ఇంగ్లిషు చెప్పడం నేర్పే 120 గంటల టెఫెల్ కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు గదా, "పాఠము ముట్టలేదు" అనడం అబద్ధం కాదా?

సమాధానం: కాదు. ఆన్‌లైన్‌లో అమ్మే ఆ కోర్సుల్లో చాలావాటిని ఒక్క పిల్లవాడి మొహమైనా చూడకుండా పూర్తిచేయవచ్చు. కేంబ్రిడ్జి వారి సెల్టా కూడా 120 గంటలదే, కానీ అందులో నిజమైన విద్యార్థుల ముందు 6 గంటలు నిలబడి పాఠం చెప్పాలి, పరిశీలకుడు వెనక కూర్చుని రాసుకుంటుంటాడు. దాని ఫీజు చూసి మనవాడు మొదటిదే ఎంచుకున్నాడు. నన్నడిగితే, అప్పుచేసైనా రెండోది చేయవలసింది. పోనీ, మన మునిసిపల్ బడిలో అయిదో తరగతికి ఒక పూట చెప్పి చూసినా సరిపోయేది. ఆ సలహా ఇంట్లో ఎవరికీ తోచలేదు, స్టాంపు పడదు గనుక.

అలంకారం: విశేషోక్తి. కారణాలన్నీ సమకూడినా కార్యం పుట్టకపోవడం దాని లక్షణం. ఆఱు నెలల సన్నాహం కారణం, పాఠం పుట్టని కార్యం.

పాఠాంతరం: నాలుగో పాదం చివర "దప్పకుండ" బదులు "దూచి చూచి" అని కొన్ని ప్రతుల్లో ఉంది. యతి చెడింది గాని, అర్థం దానికే బాగా కుదురుతుంది. ఆమె నిజంగానే పెట్టె తూచింది. రెండు కిలోలు ఎక్కువొచ్చింది. బయటకు తీసింది ఆవకాయను కాదు, రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పుస్తకాన్ని.