గరాజులో ముసలి గుర్రం

1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డ్ ముస్తాంగ్ జనం ముందుకొచ్చినప్పుడు దాని ప్రారంభ ధర 2,368 డాలర్లు. డాలస్ శివారులో మన సాఫ్ట్‌వేర్ బావగారు ఆ కాలపు బండినొకదాన్ని తుక్కుగా కొని గరాజులో కట్టేశారు. ఆ 2,368 డాలర్లు ఇప్పుడు రంగు వేయించడానిక్కూడా చాలట్లేదు.

బండి బోల్టులన్నీ అంగుళాల లెక్క. బావగారు మోజుపడి కొన్న రెంచీల సెట్టు మిల్లీమీటర్లది. మూడేళ్లయింది, కార్బ్యురేటర్ ఇంకా పాత పేపర్ మీద ముక్కలుగా ధ్యానంలో ఉంది. నడిచే కార్లు రెండూ బయట టెక్సస్ వడగళ్లకు నెత్తి బొప్పి కట్టించుకుంటుంటే, కదలని గుర్రం లోపల దుప్పటి కప్పుకుని హాయిగా పడుకుంది. (అత్తగారింట్లో అల్లుడికి కూడా అంత మర్యాద ఉండదు.) వీకెండ్‌కి వచ్చిన చుట్టాలు మాత్రం దాని పక్కన నిలబడి ఫొటో దిగాల్సిందే.

ఊళ్లో తాతగారి అంబాసిడర్‌ని పాత ఇనుం బండివాడికి తూకానికి అమ్మేసిందీ ఈ బావగారే. 2014లో ఉత్తరపారాలో ఆ కారు తయారీయే ఆగిపోయింది. విదేశీ కారుకి పాతికేళ్లు నిండితే అమెరికా భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు ఉందని మొన్న తెలిసింది. అప్పట్నుంచి అంబాసిడర్‌ని ఓడలో తెప్పించడానికి ఎంతవుతుందో రాత్రింబవళ్లు లెక్కలేస్తున్నారు.

"ఏవండీ, అదీ వచ్చాక మనం ఎక్కడ పడుకోవాలి?" అని అక్కయ్య వాకబు.