ఎండను నమ్మిన బెండ

న్యూజెర్సీలో ఏప్రిల్ మొదటి శనివారం కాస్త ఎండ కాసిందంటే చాలు, మనవాళ్లకు వ్యవసాయం పూనుతుంది. నవంబరు నుంచి జాకెట్ విప్పని పెద్దమనిషి పొట్టి చేతుల టీషర్టు వేసుకుని, డెక్ మీద నిలబడి, పావు ఎకరం పెరటిని మాగాణిలా పరికిస్తాడు. ఫోను 70 డిగ్రీల ఫారెన్‌హీట్ అంటోంది. "ఈ ఏడు కూరగాయలు బయట కొనేది లేదు" అని ఇల్లాలు ప్రకటిస్తుంది. సాయంత్రానికి కారు డిక్కీలోంచి మట్టి సంచులు, టమాటా మొక్కలు, వంగ మొక్కలు దిగుతాయి. ఇండియా నుంచి చీర మడతల్లో పడి వచ్చిన బెండ, బీర, సొర గింజల పొట్లాలు బయటపడతాయి. విత్తనాలకు ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలన్నది అమెరికా వారి నియమం; ఆ సంగతి చీరకు తెలియదు. ఆదివారం భోజనాల వేళకల్లా నాటడం, వాట్సాప్‌లో ఫొటోలు పెట్టడం, "సూపర్ వదినా!" అనిపించుకోవడం అన్నీ అయిపోతాయి.

బుధవారం రాత్రి 31కి పడుతుంది. గురువారం పొద్దున చూస్తే టమాటా ఆకులు ఉడికించి వార్చిన తోటకూరలా వేలాడుతుంటాయి.

"వెదర్ మోసం చేసిందండీ!" ఎడిసన్ నుంచి మన్రో దాకా, ప్లెయిన్స్‌బరో నుంచి పార్సిపనీ దాకా ఆ వారం ఏ తెలుగింటికి వెళ్లినా కాఫీతో పాటు ఈ మాట ఇస్తారు. నా గొడవంతా ఈ ఒక్క మాటతోనే. మోసం చేయాలంటే ముందు మాటివ్వాలి కదా? ఏప్రిల్‌లో చలి తిరిగి రాదని న్యూజెర్సీ ఎవరికి మాటిచ్చింది? ఏటా వస్తూనే ఉంది. ఏటా వచ్చే చుట్టాన్ని చూసి "అయ్యో, చెప్పకుండా వచ్చేశారే" అనడానికి చాలా ధైర్యం కావాలి. ఆఫీసులో సర్వర్ రెండోసారి పడిపోతే చాలు, కారణమేమిటో నాలుగు పేజీలు రాసి మేనేజరుకు పంపే మనిషి, పెరట్లో ప్రతి ఏప్రిల్ ఒకే విధంగా చచ్చే టమాటాల విషయంలో మాత్రం కర్మ సిద్ధాంతాన్ని ఆశ్రయిస్తాడు.

అలా తేలిగ్గా ఆశ్రయించని చదువరుల వర్గం ఒకటుంది. వీళ్ల దగ్గర 'లాస్ట్ ఫ్రాస్ట్ డేట్' ఉంటుంది. మధ్య జెర్సీకి అది సుమారు ఏప్రిల్ మూడో వారం. అది దాటిన మర్నాడే పార పట్టుకుంటారు. ఆ తేదీ ముప్పయ్యేళ్ల లెక్కలు తీసి కట్టిన సగటు. అంటే ఇంచుమించు సగం సంవత్సరాల్లో ఆ తేదీ తర్వాత కూడా మంచు పేరుకుంటుందన్న మాట. అమెరికా వాతావరణ సంస్థ నోవా 1991 నుంచి 2020 వరకు లెక్కలు తీసి వేసిన పట్టికల్లో సగం సగం అవకాశం ఉన్న తేదీ పక్కనే, అవకాశం పది శాతానికి తగ్గే తేదీ కూడా ఇచ్చారు. అది ఇంకా చాలా ఆలస్యంగా వస్తుంది. పొద్దస్తమానం బ్యాంకులకు రిస్కు లెక్కలు కట్టి జీతం తెచ్చుకునేవాడు కూడా ఇంటికొచ్చి ఆ రెండో గడి చూడడు.

"36 డిగ్రీలే కదండీ చూపించింది, గడ్డకట్టేది 32 దగ్గర కదా, మరి మొక్కలెలా పోయాయి?" ఇది ఇంకో ఫిర్యాదు. ఫోను చెప్పేది మనిషి తల ఎత్తున, ఎక్కడో విమానాశ్రయంలో పెట్టిన థర్మామీటరు మాట. మబ్బు లేని, గాలి ఆడని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. నేలను అంటుకుని ఉన్న ఆకు గాలికన్నా చల్లబడుతుంది. పైన 36 ఉన్నప్పుడే కింద ఆకు మీద తెల్లగా మంచు కడుతుంది. నక్షత్రాలు బాగా కనిపిస్తున్నాయని డెక్ మీద కూర్చుని మురిసిపోయే రాత్రే మొక్కలకు కాళరాత్రి.

ఇక జోన్ వాళ్లు. నమస్కారం అయ్యాక వీళ్ల రెండో మాట "మాది జోన్ సెవెన్ అండీ." అమెరికా వ్యవసాయ శాఖ 2023లో ఈ జోన్ల కొత్త పటం విడుదల చేసింది. దేశంలో దాదాపు సగం అర జోన్ మేర వెచ్చని వైపు జరిగింది. అది చూసి మనవాళ్లు తొందరకు లైసెన్సు వచ్చిందనుకున్నారు. ఆ పటం చెప్పేది ఒక్కటే: ఏడాది మొత్తంలో అతి చల్లని రాత్రి సగటున ఎంతకు పడుతుందని. అంజూరమో గులాబీయో చలికాలం తట్టుకుంటుందా అని చూసుకోవడానికి పనికొస్తుంది. నాలుగు నెలలు బతికి పోయే బెండకు దాంతో పనే లేదు. వసంతం ఎప్పుడు స్థిరపడుతుందన్నది ఆ రంగుల్లో ఎక్కడా లేదు. పటం వచ్చిన ఆ 2023లోనే ఏప్రిల్ రెండో వారంలో ఇటువైపు ఎండ తొంభైని తాకింది. నెల దాటాక, మే 18 తెల్లవారుజామున, న్యూయార్క్ రాష్ట్రం పై భాగంలోనూ వెర్మాంట్‌లోనూ ద్రాక్ష తోటల చిగుళ్లు మాడి నల్లబడ్డాయి. తరాలుగా ద్రాక్ష పండించేవాళ్లే ఆ రాత్రి చేతులెత్తేశారు. మనవాడు మాత్రం యాప్ తీసి "రేపటి నుంచి పెరుగుతుందట" అంటాడు.

సంప్రదాయవాదులు యాప్‌ను నమ్మరు. ఉగాది నాడు గింజ వేస్తే మంచిదని వేస్తారు. ఉగాది 2024లో ఏప్రిల్ 9న వచ్చింది, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న. చంద్రుణ్ణి బట్టి మూడు వారాలు అటూ ఇటూ జరిగే పండుగ కోసం నేల వేడెక్కదు కదా. అయినా మన రైతు తిథి చూసి విత్తింది ఎప్పుడు? కార్తె చూసి విత్తాడు. కార్తె సూర్యుడి లెక్క, ఏటా దాదాపు అదే తేదీకి వస్తుంది. ఇక్కడే నాకు నవ్వొచ్చే సంగతి ఉంది. కృత్తిక కార్తె మే 11 ప్రాంతంలో మొదలవుతుంది. మే రెండో ఆదివారం మదర్స్ డే. అది వెళ్లేదాకా టమాటా బయట నాటొద్దని ఇక్కడి పాతకాపులు ఇప్పటికీ చెబుతారు. జర్మనీ పల్లెల్లో మే 11 నుంచి 15 దాకా 'మంచు సాధువుల' రోజులని పేరు. మమర్టస్, పాంక్రాస్, సర్వేషియస్ వంటి ఆ సాధువుల రోజులు దాటితే గానీ లేత మొక్క బయట పెట్టరు. కృత్తికలో మన దగ్గర ఎండ నిప్పులు చెరుగుతుంది, ఇక్కడ చలి అప్పుడే వదులుతుంది. ఈ కలయిక కాకతాళీయమే, కాదనను. కానీ సముద్రాలు దాటి వచ్చేటప్పుడు ఇక్కడ పనికొచ్చే కార్తెను ఊళ్లో వదిలేసి, పనికిరాని ముహూర్తాన్ని సూట్‌కేసులో పెట్టుకొచ్చిన ఘనత మనదే.

మదర్స్ డే కూడా హామీ పత్రం కాదు. 2020 మే 9న, అంటే మదర్స్ డే ముందు రోజు, న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో మంచు రేణువులు రాలాయి. 1977 తర్వాత అంత ఆలస్యంగా అక్కడ మంచు పడింది అప్పుడే. లాక్‌డౌన్‌లో సగం అమెరికా కొత్తగా పార పట్టిన వసంతం అది.

అసలు వినోదం రాత్రి పదింటికి మొదలవుతుంది. ఫోనులో ఫ్రాస్ట్ అడ్వైజరీ మోగుతుంది. గెస్ట్ రూము దుప్పట్లు, పిల్లవాడి స్పైడర్‌మ్యాన్ టవలు, వీటన్నిటినీ మించి పెరుగు డబ్బాలు బయటికొస్తాయి. ఇండియన్ స్టోరులో కొన్న అయిదు పౌండ్ల పెరుగు డబ్బాను పారేసిన తెలుగిల్లు నాకింతవరకు కనబడలేదు. మార్చిలో అడుగున చిల్లులు పెడితే నారు కుండీ, ఏప్రిల్‌లో బోర్లిస్తే మొక్కకు టోపీ. ఆ టోపీ లోపలి గోడకు అతుక్కున్న ఆకు తెల్లారేసరికి నల్లబడుతుంది, ఎందుకంటే ప్లాస్టిక్ తగిలినచోట బయటి చలి నేరుగా ఆకుకెక్కుతుంది. ఇక దుప్పటి సంగతి చూడండి. మొక్క నడుము చుట్టూ చుట్టి, మెడ దగ్గర ముడేసి, పైన క్లిప్పు పెడతారు. మనిషికి దుప్పటి వెచ్చగా ఉండేది ఒంట్లో వేడి ఉంది కాబట్టి. టమాటాకు ఒంట్లో వేడెక్కడిది? వేడి ఉండేది నేలలో. మధ్యాహ్నమే నేల తడిపి, చుట్టూ కర్రలు పాతి, వాటి మీదుగా గుడ్డ నేలదాకా దించితే ఆ వేడి లోపల నిలుస్తుంది. ఈయన నిలువునా చుట్టిన చుట్టుకు నేల వేడంతా పక్కనుంచి పోతుంది. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి మీటింగు ఉంటుంది కాబట్టి దుప్పటి తీసేవాళ్లుండరు. చలికి చావని మొక్క మధ్యాహ్నం ఎండకు లోపల ఉడికి చస్తుంది.

ఇంతా జరుగుతుంటే ఒకాయన ప్లాస్టిక్ కుర్చీలో మౌనంగా కూర్చుని ఉంటాడు. ఆరు నెలల విజిట్‌కి వచ్చిన మామగారు. తెనాలి దగ్గరో తణుకు దగ్గరో జీవితమంతా పొలంలో గడిపిన మనిషి. గింజలు వేసిన రోజే వంగి మట్టిలోకి వేళ్లు గుచ్చి చూసి, "బాబూ, నేల చల్లగా ఉంది. ఇందులో బెండ లేవదు, కుళ్లిపోతుంది" అన్నాడు. "ఇక్కడి సాయిల్ వేరు మామయ్యగారూ, దీనికో యాప్ ఉంది" అని అల్లుడు జవాబిచ్చాడు. బెండ గింజకు నేల 65 డిగ్రీలైనా ఉండాలి. ఏప్రిల్ నేల 50 దగ్గర దేకుతుంటుంది. ఆ తేడాను రెండు వేళ్లతో కొలిచిన మనిషికి ఇంట్లో ఇచ్చిన పదవి హోస్ పైపు పట్టుకోవడం. జూలైలో కాయ కాసినప్పుడు "మేమే పండించాం" అన్న ఫొటోలో దంపతులిద్దరూ ఉంటారు. ఫొటో తీసింది ఆయనే.

ఈ తొందరలో లాభపడే ప్రాణి ఒకటుంది: మొక్కలమ్మే దుకాణం. వెచ్చటి గ్రీన్‌హౌసులో పెంచిన టమాటా మొక్కను ఏప్రిల్ మొదట్లోనే గుమ్మం ముందు బారులు తీరుస్తుంది. ఆరుబయట గాలికీ ఎండకూ వారం పది రోజులు మెల్లగా అలవాటు చేయకుండా నేరుగా నాటితే, చలి రాకపోయినా అది బిక్కచచ్చిపోతుంది. చస్తే దుకాణానికి నష్టమేముంది? మే నెలలో మీరే మళ్లీ వస్తారు. విలియం అలెగ్జాండర్ అనే అమెరికన్ తన తోట ఖర్చంతా లెక్కేసి ఒక్కో టమాటాకు 64 డాలర్లయిందని తేల్చి, 2006లో ఆ పేరుతోనే ఒక పుస్తకం రాశాడు. ఆయనకు పుస్తకమైనా మిగిలింది.

నాకు అన్నిటికన్నా ఒళ్లు మండేది వేరే ఉంది. ఆ చల్లటి ఏప్రిల్ ఏమీ పండించనని భీష్మించుకు కూర్చోలేదు. మెంతికూర పండిస్తానంటుంది. కొత్తిమీర, పాలకూర, ముల్లంగి, బఠాణీ ఇస్తానంటుంది. ఇవి చల్లని నేలలో కూడా మొలుస్తాయి, కొద్దిపాటి మంచుకు చావవు. ఇవేమన్నా దొరల తిండా? మెంతికూర పప్పూ, ముల్లంగి పులుసూ మన వంటింటివే కదా. పక్కింటి గుజరాతీ ఆవిడ మార్చి చివర్లో మెంతులు చల్లి, మే మొదటి వారానికి థేప్లాలు చేస్తుంటే, మన ఇల్లు రెండో విడత టమాటాల కోసం క్యూలో ఉంటుంది. మెంతికూర ఫొటోకు ఎవరూ "సూపర్ వదినా" అనరు, అదీ చిక్కు. మనకు కావలసింది గోంగూర. అది పక్కా వేసవి మొక్క. రాత్రులు వెచ్చబడేదాకా బెత్తెడు దాటదు. ఏప్రిల్‌లో నాటినా, మే చివర్లో నాటినా ఆకు కోతకొచ్చేది ఇంచుమించు ఒకేసారి. బెండ అయితే ఇంకా ఘోరం. మే ఆఖరున వెచ్చటి నేలలో పడ్డ గింజ, ఏప్రిల్‌లో పుట్టి పసుపు మొహం వేసుకుని నిలబడ్డ అక్కను మూడు వారాల్లో దాటేస్తుంది. మొదట నాటినవాడికి మొదట కాయ వస్తుందన్న ఈ నమ్మకం ఐఐటీ కోచింగుల నుంచి పెరట్లోకి వచ్చిందని నా అనుమానం.

మరి కొత్తిమీర ఎప్పుడు వేస్తారంటారా? జూన్‌లో. బెండ, బీర పైకి లేచాక, ఒక మూల ఖాళీ కనిపిస్తే, 85 డిగ్రీల ఎండలో ధనియాలు నలిపి చల్లుతారు. జానెడు ఎదగకముందే ఆకులు సన్నబడి తెల్లగా పూతకొస్తుంది. విత్తనం మంచిది కాదని తిట్టి పీకి పారేస్తారు. పీకకుండా వదిలితే ఆ పూతే ధనియాలవుతుంది. వాటినే ఎండబెట్టి సెప్టెంబరు మొదట్లో చల్లితే, చల్లబడే రోజుల్లో హాలోవీన్ దాకా కట్టలు కట్టలు కోసుకోవచ్చు. కానీ సెప్టెంబరు వచ్చేసరికి పారలు గరాజ్ ఎక్కేస్తాయి, మామగారి తిరుగు టికెట్ దగ్గరపడుతుంది, ఇంట్లోవాళ్లు బతుకమ్మకు హాలు బుక్ చేసే పనిలో ఉంటారు. కొత్తిమీర కట్ట ఇండియన్ స్టోరు నుంచే వస్తుంది.