న్యూయార్క్‌లో ఒక కరచాలనం

1979 జనవరి 7న వియత్నాం సైన్యం కంబోడియా రాజధాని నాంపెన్‌లో అడుగుపెట్టేసరికి ఆ నగరంలో జనం లేరు. 1975 ఏప్రిల్ 17న అధికారం చేజిక్కించుకున్న కమ్యూనిస్టు ఖ్మేర్ రూజ్ దళాలు, ఆస్పత్రి మంచాల మీదున్న రోగులతో సహా అందరినీ పల్లెలకు తరిమేశాయి. ఆ తర్వాత డబ్బు రద్దయింది. బడులు మూతబడ్డాయి.

ఖాళీ వీధుల్లో తిరుగుతున్న ఇద్దరు వియత్నాం విలేకరులకు ఎక్కడినుంచో కుళ్లు వాసన వచ్చింది. దాని వెంటే వెళ్లారు. ముళ్లకంచె వేసిన హైస్కూలు కనిపించింది. తరగతి గదుల్లో బల్లలకు బదులు ఇనప మంచాలున్నాయి. వాటికి సంకెళ్లతో బిగించిన శవాలున్నాయి. కాపలావాళ్లు పారిపోయే ముందు చంపి వెళ్లిన ఆఖరి ఖైదీలు వాళ్లు. 14 మందిని ఆ బడి ఆవరణలోనే పాతిపెట్టారు. ఆ భవనాల్లో ఫొటోలు దొరికాయి. జైలుకు రాగానే ప్రతి ఖైదీకీ నంబరు తగిలించి తీసినవి. వాటిలో పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని కెమెరాలోకి చూస్తున్న ఒక తల్లి ఉంది. టుయోల్ స్లెంగ్ అనే ఆ జైలుకు వచ్చినవాళ్లు 12 వేలకు పైనే. ప్రాణాలతో బయటపడ్డవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. జైలు అధికారి ఒకప్పుడు లెక్కల మాస్టారు.

నాలుగేళ్లు కూడా నిండని ఆ పాలనలో 15 లక్షల నుంచి 20 లక్షల మంది చనిపోయారని అంచనా. దేశ జనాభాలో ఐదోవంతుకు తక్కువ కాదు.

వియత్నాం ఈ చావులు చూడలేక వచ్చిందని నేననను. ఖ్మేర్ రూజ్ సేనలు సరిహద్దు దాటి వియత్నాం పల్లెల మీద పడుతుండేవి. 1978 ఏప్రిల్‌లో బా చుక్ అనే ఒక్క ఊళ్లోనే మూడువేల మందికి పైగా చంపాయి. వియత్నాం తన లెక్క తేల్చుకోవడానికే వచ్చింది. వచ్చాక పదేళ్ల పైచిలుకు అక్కడే ఉంది. అయినా చంపుడు ఆగింది ఆ సైన్యం రాబట్టే. దీన్ని కాదనేవారికి ఆ ఫొటోలే జవాబు.

కానీ ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో ఆ ఫొటోల మాట చర్చ కాలేదు. చర్చంతా సరిహద్దు గురించే. ఒక పాలన ఎంత నీచమైనదైనా పరాయి సైన్యం వచ్చి దాన్ని కూలదోయడానికి వీల్లేదని దేశాల మీద దేశాలు లేచి చెప్పాయి. ఈ వాదనను నేను తేలిగ్గా తీసిపారేయను. చిన్న దేశాలకు బలవంతుల నుంచి ఉన్న కాస్త రక్షణ అదే. మరి అంతకు ముందు దౌత్యం ఏం చేసింది? 1978లో బ్రిటన్, కెనడా వంటి దేశాలు శరణార్థుల వాంగ్మూలాలను సమితి మానవహక్కుల కమిషన్‌కు అందజేశాయి. అవి కమిషన్ ముందు చర్చకు వచ్చేసరికి 1979 మార్చి వచ్చింది. అప్పటికి పాలనే కూలిపోయింది. చావాల్సినవాళ్లు చచ్చిపోయారు.

నియమం అందరికీ ఒకటే అయినా కొంత ఊరట ఉండేది. అదే ఏడాది ఏప్రిల్‌లో టాంజానియా సైన్యం ఉగాండా రాజధాని కంపాలాలోకి వెళ్లి నియంత ఈదీ అమీన్‌ను తరిమేసింది. ఉగాండా కొత్త ప్రభుత్వానికి సమితిలో కుర్చీ దొరకడం కష్టం కాలేదు. వియత్నాంకు మాత్రం శిక్ష పడింది. ‘గుణపాఠం’ చెబుతామంటూ ఫిబ్రవరి 17న చైనా దాని మీద దాడి చేసింది. అప్పుడు చైనాలోనే ఉన్న మన విదేశాంగ మంత్రి వాజపేయి పర్యటన మధ్యలో ఆపి వెనక్కి వచ్చేశారు. ఈ తరహా తీర్పు మనకూ తెలుసు. 1971లో నెత్తురోడుతున్న తూర్పు బెంగాల్‌లోకి మన సైన్యం వెళ్లినప్పుడు సర్వసభ్య సభలో 104 దేశాలు కాల్పులు ఆపి సైన్యాలను వెనక్కి తీసుకోవాలని ఓటేశాయి.

1979 సెప్టెంబరులో అసలు ప్రశ్న వచ్చింది. కంబోడియా కుర్చీ ఎవరిది? నాంపెన్‌లో ఉన్న కొత్త ప్రభుత్వానిదా, అడవుల్లోకి పారిపోయిన ఖ్మేర్ రూజ్‌దా? హవానాలో అలీన దేశాలు అప్పటికే ఆ కుర్చీని ఖాళీగా వదిలేశాయి. న్యూయార్క్‌లో అర్హతపత్రాల కమిటీ 6-3తో ఖ్మేర్ రూజ్‌ వైపే మొగ్గింది. సెప్టెంబరు 21న సర్వసభ్య సభ ఆ నిర్ణయానికి ముద్ర వేసింది. అనుకూలం 71, వ్యతిరేకం 35, తటస్థం 34. ప్రపంచానికి మానవహక్కుల పాఠాలు చెబుతున్న కార్టర్ అమెరికా కూడా ఆ 71లో ఉంది.

ఓటింగ్ ముగిశాక అమెరికా ప్రతినిధి రాబర్ట్ రోసెన్‌స్టాక్ దగ్గరికి ఒకాయన నవ్వుతూ వచ్చాడు. చేయి పట్టుకుని ఊపి, మా కోసం మీరు చేసినదానికంతటికీ కృతజ్ఞతలు అన్నాడు. అలవాటు కొద్దీ రోసెన్‌స్టాక్ చేయి కలిపాడు. ఆ తర్వాత పక్కనున్న సహచరుడితో, ఏసును శిలువకు అప్పగించిన పిలాతు ఎలా బాధపడి ఉంటాడో ఇప్పుడు తెలిసిందన్నాడు.

ఆ వచ్చినవాడు ఇయెంగ్ సారీ. ఖ్మేర్ రూజ్ అధినేత పోల్ పాట్‌కు తోడల్లుడు, ఆ ప్రభుత్వ విదేశాంగ మంత్రి. దేశాన్ని కట్టుకుందాం రండని విదేశాల్లో చదువుకున్న కంబోడియన్లను, దౌత్యవేత్తలను వెనక్కి పిలిచింది ఇతనే. నమ్మి వచ్చినవాళ్లలో ఎందరో టుయోల్ స్లెంగ్‌లో చచ్చారు. కరచాలనానికి దాదాపు నెల ముందు, ఆగస్టు 19న, నాంపెన్‌లోని ట్రిబ్యునల్ ఇతనికి నరమేధ నేరం కింద మరణశిక్ష వేసింది. వియత్నాం నీడలో జరిగిన విచారణ అది, లోపాలున్నాయి. నేరంలో మాత్రం అనుమానం లేదు.

ఆ శిక్షను 1996లో రాజు సిహనూక్ క్షమించాడు. తన పిల్లలను, మనవలను ఖ్మేర్ రూజ్ పాలనలో పోగొట్టుకున్న సిహనూక్.

2007 నవంబరులో ఇయెంగ్ సారీని అరెస్టు చేశారు. ఈసారి నరమేధ ఆరోపణ మీద విచారణకు నిలబెట్టిన న్యాయస్థానాన్ని కంబోడియాతో కలిసి నడిపింది, 1979లో అతని ప్రభుత్వానికి కుర్చీ వేసిన ఐక్యరాజ్యసమితే. 2013 మార్చి 14న, తీర్పు రాకముందే, అతను 87 ఏళ్ల వయసులో ఆస్పత్రిలో చనిపోయాడు.