పావలా కోడి, ముప్పావలా మసాలా

బ్యాండ్‌సా అంటే ఏమిటో డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లకి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆదివారం పొద్దున్న హలాల్ షాపులో మనమందరం దాని ముందే చేతులు కట్టుకుని నిలబడతాం. అద్దం అవతల ఒకాయన మేక తొడని స్టీలు బల్ల మీద అటూ ఇటూ జరుపుతుంటాడు. పైనుంచి కిందికి ఆగకుండా దిగే సన్నటి రంపం కండా ఎముకా అని తేడా చూడకుండా కోసుకుపోతుంటుంది. చిన్న ముక్కలా పెద్ద ముక్కలా అని ఆయన అడుగుతాడు. మీడియం అని మనం అంటాం. ఇంటికొచ్చాక ఆ ఎముకపొడి పోయేదాకా ఇంటావిడ నాలుగు నీళ్లు కడుగుతుంది.

అందుకే మా గరాజులోకి 14 అంగుళాల బ్యాండ్‌సా దిగిన రోజున మా ఆవిడ దాన్ని ఒక్క చూపులో పోల్చుకుంది.

"మటన్ మిషను ఇంటికి తెచ్చారేంటండీ?"

ఇది చెక్క కోసేదని చెప్పాను. "ఏం చెక్క?" అంది. నిలదీసి అడిగితే జవాబు చెప్పేంత చెక్క అప్పటికి ఇంట్లో లేదు. కానీ మిషనుకి కావలసిన మిగతా సామానంతా అప్పటికే బయల్దేరి దారిలో ఉంది.

14 అంగుళాలన్నది చక్రం అడ్డుకొలత. పైన ఒక చక్రం, కింద ఒక చక్రం, రెండింటికీ రబ్బరు టైర్లు, వాటిని చుట్టి 93½ అంగుళాల ఉక్కు పట్టీ. ఆ పట్టీకి ఒక అంచున పళ్లు. కింది చక్రాన్ని మోటారు తిప్పుతుంది. పై చక్రం దాని పుణ్యాన తిరుగుతూ, పనంతా తనదే అన్నట్టు కనిపిస్తుంది. (ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకి ఈ ఏర్పాటు బాగానే తెలుసు.) మధ్యలో పోత ఇనుప బల్ల. అంతే మిషను. 1930లలో మిల్వాకీ నగరంలో డెల్టా కంపెనీ ఈ నమూనాని జనంలోకి తెచ్చింది. తర్వాత తైవాన్‌లో పోతపోసి ఎవరు ఏ రంగు పూసి అమ్మినా, వాటిలో చాలావాటికి వంశకర్త అదే. ఒకే వంశం కాబట్టి ఒకదాని సామాను ఇంకోదానికి చాలావరకు సరిపోతుంది. కొసరు సామాను అమ్మేవాళ్లకి ఇంతకన్నా వరం ఏం కావాలి?

ఆ రోజుల్లో మా మామగారు కాకినాడ నుంచి వచ్చి మాతోనే ఉంటున్నారు. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడం వల్ల వచ్చిన ప్రతి అట్టపెట్టే ముందు ఆయన చేతిలోనే పడేది.

"ఇదేంటి అల్లుడుగారూ?"

"మిషనుకి చక్రాల పీట అండీ. కారు లోపల పెట్టాలంటే దాన్ని పక్కకి తొయ్యాలి కదా."

"కారు లోపల పెట్టగా నేను చూళ్లేదే!"

మర్నాడు ఇంకా బరువైన పెట్టె వచ్చింది. అది రైజర్ బ్లాకు. ఆరంగుళాల ఇనుప దిమ్మ. మిషను వెన్నులో దాన్ని బిగిస్తే ఆరంగుళాల ఎత్తున్న చెక్క కోసేది కాస్తా పన్నెండంగుళాలది కోస్తుంది.

"పన్నెండంగుళాల చెక్క ఉందా?"

"లేదండి."

"మరెందుకు?"

"రేపెప్పుడైనా వస్తే?"

మామగారు మారు మాట్లాడలేదు. ఆయన ముప్పై ఏళ్లకి పైగా ఎల్‌ఐసీలో పనిచేసి రిటైరయ్యారు. రేపు ఏదో వస్తుందని ఇవాళ డబ్బు కట్టించడమనే సిద్ధాంతాన్ని కాదనడం ఆయనకి సాధ్యం కాలేదు. పాలసీలో చిన్న అక్షరాలు చదివింది మాత్రం మా ఆవిడే: ఆ దిమ్మ బిగిస్తే 93½ అంగుళాల బ్లేడులన్నీ పొట్టివైపోతాయి, మళ్లీ 105 అంగుళాలవి కొనుక్కోవాలి.

ఆ తర్వాత బ్లేడు అటూ ఇటూ పోకుండా పట్టే బేరింగ్ గైడ్లు వచ్చాయి. రబ్బరు టైర్లకి బదులు యూరిథేన్ టైర్లు వచ్చాయి. మోటారు అదురు తగ్గడానికి లింకు బెల్టు, బల్ల మీదకి దీపం, చక్రం మీద పొట్టు తుడవడానికి చిన్న బ్రష్షు, ఒక్క మీట తిప్పితే టెన్షన్ వదిలే పరికరం కూడా వచ్చాయి. ఇన్ని మార్చాక అసలు మిషను ఎక్కడ మిగిలింది అని మా ఆవిడ అడిగితే, రంగు చూపించాను.

"పావలా కోడికి ముప్పావలా మసాలా," అన్నారు మామగారు. నేను నొచ్చుకోలేదు. గోదావరి జిల్లాల్లో పుట్టినవాడెవడూ మసాలాని తక్కువచేసి మాట్లాడడు కనక, అది మెచ్చుకోలే అయి ఉంటుందనుకున్నాను.

కానీ ఆయన మాట ముగించలేదు. చిన్నప్పుడు రాజమండ్రిలో వాళ్ల మేనమామ అడితికి వెళ్లేవారట. అక్కడి కోత మిషను ముందు మనది బొమ్మ అన్నారు. రంపం పట్టీయే జానెడు వెడల్పు ఉండేదట. "చుట్టూ రోలర్లు, పట్టాలు, బండి, బోలెడు హంగు ఉండేది లెండి. అయినా దుంగలు ఎత్తేవాడిని, మిషను నడిపేవాడిని ఎవడూ ఖాతరు చేసేవాడు కాదు. ఆకురాయి పట్టుకుని రంపం పళ్లు తీర్చేవాడు మాత్రం పది గంటలకి వచ్చినా మా మేనమామ కిమ్మనేవాడు కాదు. వాడు అలిగితే అడితి మూతే."

చరిత్ర కూడా ఆ పళ్లు తీర్చేవాడి పక్షమే. విలియం న్యూబెరీ అనే ఇంగ్లీషాయన 1809లోనే ఈ రకం రంపానికి పేటెంటు సంపాదించాడు. చక్రాలున్నాయి, బల్ల ఉంది, ఊహ ఉంది. పని చేసే బ్లేడు లేదు. చక్రాల మీద వంగి వంగి ఉక్కు పట్టీ తెగిపోయేది, లేకపోతే అతుకు ఊడిపోయేది. దాదాపు నలభై ఏళ్లు మిషను అలా కాగితం మీదే ఉండిపోయింది. ఆఖరికి ఆన్ పోలిన్ క్రెపిన్ అనే ఫ్రెంచి మహిళ పట్టీ కొసల్ని గట్టిగా అతికే పద్ధతి కనిపెట్టి 1846లో పేటెంటుకి దరఖాస్తు పెట్టింది. ఆ హక్కుల్ని పారిస్‌లో పెరిన్ కంపెనీ కొనుక్కున్నాక గాని బ్యాండ్‌సా బతికి బట్టకట్టలేదు. ఈ కథ ఇంట్లో చెప్పడం వ్యూహరీత్యా మంచిది కాదు. నలభై ఏళ్లు మగవాళ్లంతా చక్రాల పీటలు కొంటూ కూర్చున్నారన్నమాట, అని మా ఆవిడ సారాంశం తేల్చేసింది.

బ్లేడు కొనడం తేలికే. విప్పడంలో ఉంది తమాషా. ఎనిమిది అడుగులకి కాస్త తక్కువ పొడవున్న ఉక్కు పట్టీని మూడు చుట్లుగా మడిచి, సన్నటి తీగతో కట్టి పంపిస్తారు. చూడ్డానికి బుద్ధిగా ఉంటుంది. తీగ తెంచిన మరుక్షణం చెయ్యి చాచినంత మేర మొత్తం దానిదే. అందుకని ముందు తోలు తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకోవాలి. పిల్లల్ని లోపలికి పంపాలి. చేతిని ఒంటికి దూరంగా చాచి, మొహం పక్కకి తిప్పుకుని, ఒక చుట్టు పట్టుకుని మిగతావి వదిలేయాలి. మామగారు ఈ దృశ్యాన్ని వంటింటి కిటికీలోంచి చూస్తానన్నారు. చూశారు కూడా, కుర్చీతో సహా వెళ్లి.

విచ్చుకున్న బ్లేడుని చక్రాలకి ఎక్కించాక చూస్తే పళ్లు పైకి ఉంటాయి. ఏ శాస్త్రమో తెలియదు గాని, తరచుగా ఇలాగే జరుగుతుంది. పళ్లు కిందికి, మనవైపు చూస్తూ ఉండాలి. అలా లేకపోతే పట్టీని దించి లోపలి భాగం బయటికి వచ్చేలా తిరగేసి మళ్లీ ఎక్కించాలి. ఆ తిరగేసే తంతు జరుగుతున్నంతసేపూ మా ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడరు.

ఇక అమరిక. దీనికి అలెక్స్ స్నాడ్‌గ్రాస్ అనే ఆయన ఊరూరా ప్రదర్శనలిచ్చి ప్రచారం చేసిన పద్ధతి ఒకటుంది. పళ్ల మధ్య ఉండే గుంటలు పై చక్రం నడుమకి వచ్చేలా ట్రాకింగ్ మరని సర్దడం అందులో ఆయువుపట్టు. మోటారు ఆపి, ప్లగ్గు పీకి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ మరని వెంట్రుకవాసి తిప్పాలి. పట్టీ కాస్త ముందుకొస్తుంది. మళ్లీ తిప్పితే కాస్త వెనక్కి పోతుంది. అది స్థిరపడ్డాక పక్క గైడ్లని పళ్ల గుంటలకి ఒక్క పిసరు వెనకగా నిలపాలి. బ్లేడు వీపుకీ వెనక బేరింగుకీ మధ్య కాగితం మందం సందు ఉంచాలి. ఇక్కడివాళ్లు ఆ సందులో డాలరు నోటు దూర్చి చూసుకుంటారు. దాని మందం అంగుళంలో వెయ్యో వంతులు నాలుగు పైచిలుకు. నేను జేబులోంచి డాలరు తియ్యబోతుంటే మామగారు ఆపి, తన పర్సులోంచి నలిగిన పది రూపాయల నోటు తీసి ఇచ్చారు. "ఇది చాలదూ? ఆ డాలరు దాచుకోండి, దాంతో ఇంకేదో కొనాల్సి ఉంటుంది మీకు." సందు సరిగ్గా కుదిరింది.

బల్లని బ్లేడుకి సరిగ్గా నిలువుగా సర్దడానికి మూలమట్టం ఉంటే చాలు. అనుమానం తీరకపోతే ఒక దిమ్మకి చిన్న గాటు పెట్టి, దాన్ని గుండ్రంగా తిప్పి బ్లేడు వెనకవైపు నుంచి ఆ గాటులోకే దూర్చండి. బ్లేడు వీపు అందులో హాయిగా పడితే బల్ల సరిగ్గా ఉన్నట్టే. దీనికి కాణీ ఖర్చు లేదు, బహుశా అందుకే ఏ కేటలాగులోనూ కనిపించదు.

అసలు గొడవ డ్రిఫ్ట్ దగ్గర వస్తుంది. చెక్కని ఫెన్సుకి, అంటే బల్ల మీద బిగించే ఆనుడు బద్దకి, ఆనించి తిన్నగా తోస్తాం. రంపం మాత్రం తన దారిన పక్కకి పోతుంది. దీని మీద రెండు మతాలున్నాయి. బ్లేడు దారి వేరు, ఫెన్సు దారి వేరు, బ్లేడు ఎటు పోతే ఫెన్సుని అటు ఏటవాలుగా తిప్పుకోవాలి అనేవాళ్లు ద్వైతులు. అమరిక సరిగ్గా ఉండి బ్లేడు పదునుగా ఉంటే రెండింటి దారీ ఒకటే, డ్రిఫ్ట్ అనేది మాయ అనేవాళ్లు అద్వైతులు. నేను అద్వైతిని. ఎందుకంటే ఫెన్సు తిప్పే మరలు చాలా బిగువు. అదీగాక, మిషనుతో పాటు వచ్చిన బ్లేడు తీసేసి మంచిది వేశాక ఆ మాయ నా కళ్ల ముందే సగానికి పైగా విడిపోయింది.

మంచి బ్లేడు అంటే ఏదో ఒకటి కాదు, పనికి తగ్గది. పావంగుళం వెడల్పుది సుమారు 5/8 అంగుళం వ్యాసార్ధంతో మలుపు తిరుగుతుంది. అరంగుళానిది అదే మలుపు తిరగమంటే మొరాయిస్తుంది, దానికి రెండున్నర అంగుళాలు కావాలి. మందపాటి చెక్కని నిలువునా పలకలుగా చీల్చడానికి అంగుళానికి మూడు పళ్లున్నది వేసుకోవాలి. అక్కడ సన్నపళ్లది వేస్తే గుంటలు పొట్టుతో నిండిపోయి, బ్లేడు వేడెక్కి, కోత వంకర్లు పోతుంది. ఈ రెండు మూడు బ్లేడుల ధరా కలిపినా ఒక టెన్షన్ గేజి ధరలో మూలకి రాదు. ఆ గేజి చేసే పనిని చూపుడువేలు చేస్తుంది: పక్కనుంచి ఓ మాదిరిగా నొక్కితే పావంగుళం కదిలితే చాలు.

గుండ్రాలు కోసే జిగ్గు కూడా అంతే. ప్లైవుడ్ ముక్క, ఒక మేకు. పొడుగు చెక్కలు చీల్చడానికి ఎత్తు ఫెన్సు కావాలంటే తిన్నటి దిమ్మని క్లాంపుతో బిగించుకోవచ్చు. మరి ఇవన్నీ నువ్వెందుకు కొన్నావయ్యా అంటే, కొన్నవాడు చెబితేనే కదా మాటకి విలువ!

దుబారా కానివి కొన్ని ఉన్నాయి. చెక్క పొట్టులోని సన్నటి ధూళిని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సర్ పరిశోధనా విభాగం క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. కాబట్టి మాస్కూ, పొట్టు పీల్చే గొట్టమూ హంగు కింద లెక్క రావు. తోపుడు కర్ర కూడా రాదు. హలాల్ షాపులో చూశారుగా, ఎముక తగిలిందని ఆగే అలవాటు ఈ రంపానికి లేదు. గుండ్రటి కొమ్మని ఊరికే బల్ల మీద పెట్టి కోస్తే దాన్ని గిర్రున తిప్పి మీ చెయ్యి లాక్కుంటుంది. వి ఆకారంలో గాడి ఉన్న చెక్కలో పడుకోబెట్టి కోయండి.

ఇంతకీ మా ఇంట్లో దీని మొదటి ఉత్పత్తి ఆవకాయ జాడీ కింద పీట. అది కదలకుండా నిలబడిందని మామగారు కాకినాడకి వీడియో కాల్ చేసి మరీ చూపించారు. దాని ఖరీదు ఎంత పడిందో మాత్రం అడగలేదు, ఎల్‌ఐసీ మర్యాద.

కొత్తగా కొనేవాళ్లకి వరస చెబుతాను. ముందు మంచి బ్లేడులు, తర్వాత మాస్కు, తర్వాత దీపం. మిగతావి ఓ ఏడాది కోశాక చూసుకోవచ్చు. అప్పటికీ రైజర్ బ్లాకు కావాలనిపిస్తే నాకు కబురు చెయ్యండి. పెట్టె విప్పనిది ఒకటుంది, సగం ధరకే ఇస్తాను.