బొంత మామ్మ

కోడలు కొత్త చీర కట్టుకుంటే ఊరంతా ‘బాగుంది’ అంటుంది. బొంత మామ్మ మాత్రం కొంగు రెండువేళ్ల మధ్య పట్టుకుని నలిపి, “ఇదెప్పటికి మెత్తబడతాదే?” అంటుంది. బీరువాలోకి వెళ్లిన చీర ఎన్నేళ్లకు తన వాటాకి వస్తుందో ఆవిడకి నోటిలెక్క. “ఇంకా రెండేళ్లు కడతానత్తా” అని కోడలు మొత్తుకున్నా వాయిదా ఒప్పుకోదు.

పలాస నుంచి ఉద్దానం తీరం దాకా ఇలాంటి మామ్మ లేని ఊరు అరుదు.

ఆవిడకి నూలు చీరే కావాలి. జార్జెట్టూ, పాలిస్టరూ ఆవిడ దృష్టిలో గుడ్డలే కావు. సూది కింద జారిపోతాయి, చెమట పీల్చవు, వేసవిలో ఒళ్లు ఉడికిస్తాయి. అన్నిటికంటే ఆవిడ కన్ను పడేది ముసలాయన పొందూరు ఖద్దరు పంచె మీద. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. చేప సైతం బట్టపనికి సాయపడే జిల్లాలో, ఆయన ఆ పంచెని అలా పట్టుకు వేలాడడం మామ్మకి నచ్చదు. “ఎప్పుడొగ్గేస్తావు?” అని అడుగుతుంది. అడిగింది పంచె గురించా, ప్రాణం గురించా అని ఆయనకి ఇప్పటికీ అనుమానమే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారా తుడిచి, చీరలు ముడతల్లేకుండా ఒకదాని మీద ఒకటి పరుస్తుంది. చిరుగులున్నవి మధ్యకి, బాగున్నవి పైకీ కిందకీ. కదలకుండా నాలుగు మూలలా నాలుగు కొబ్బరికాయలు. అంచులు లోపలికి మడిచి, లావుపాటి సూదితో వరస వెంట వరస కుడుతూ మధ్యకి జరుగుతుంది. వరసకీ వరసకీ ఎడం బొటనవేలి వెడల్పు. వరస వంకర పోయిందని మనవరాలు చూపిస్తే, “నిద్దర తిన్నగానే వస్తాదిలే” అంటుంది.

అద్దకం మీద కూడా ఆవిడకి అభిప్రాయాలున్నాయి. పెడన అచ్చు చీర దొరికితే పై పొర దానికే. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద టేకు దిమ్మెతో అద్దుతారు. తుప్పు ఇనుము, బెల్లం పులిసిన నీళ్లు తగిలిన చోట నలుపు తేలుతుంది. ఇదంతా మనవరాలు చెబితే మామ్మకి పెద్ద వింతేమీ అనిపించదు. జీడిమామిడి పండు రసం కారిన జాకెట్టు ఏ సబ్బుకీ లొంగదు. చాకలి నల్లజీడి గింజతో పెట్టిన గుర్తు బట్ట చిరిగిందాకా పోదు. అలాంటప్పుడు కరక్కాయకి అంత దూరం పోవడం ఎందుకంటుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసింది. తర్వాత కూలిన కొబ్బరి, జీడి చెట్ల లెక్క రాసుకోడానికి వచ్చినవాళ్లని మామ్మ దారికడ్డంగా నిలబడి ఆపింది. నీరు పీల్చి గుదిబండలైన తన బొంతల్ని చూపించి, “ఇయ్యి రాయరేటి?” అంది. ఆ కాగితంలో బొంతలకి గడి లేదు. చెట్టు కాయడానికి ఏళ్లు పట్టినట్టే చీర మెత్తబడడానికీ ఏళ్లు పడతాయని ఆవిడ వాదన. వచ్చినవాళ్లు జవాబు చెప్పలేక చెట్ల వైపు నడిచారు.

డిజైను చదివే మనవరాలు ఈమధ్య ఫోనులో అమెరికా బొంతలు చూపించింది. అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే ఊళ్లో, బానిసల వారసులైన నల్లజాతి ఆడవాళ్లు పాత పనిబట్టల ముక్కలతో కుట్టినవి. 2002లో హ్యూస్టన్, న్యూయార్క్ మ్యూజియాల్లో ప్రదర్శించారు. 2006లో అక్కడి తపాలా శాఖ వాటి మీద స్టాంపులు కూడా వేసింది. మామ్మ బొమ్మని దగ్గరికి తెచ్చుకుని కుట్టు చూసింది, రంగులు చూసింది, ‘పనిమంతులే’ అని ఒప్పుకుంది. తర్వాత వాటిని మేకులకి వేలాడదీసిన ఫొటో వచ్చింది.

“గోడకి సలేస్తాదేటే?” అంది.